ఎరుపు మాడిపోకుండా ఫొటో తీయడం ఎలా? గుంటూరు మిర్చి కల్లాల్లో రంగు, ఎక్స్‌పోజర్

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు చుట్టుపక్కల ఎటు వెళ్లినా కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది. సత్తెనపల్లి, పెదకూరపాడు, ప్రత్తిపాడు వైపు వెళ్తుంటే బండి ఆపకుండా ఉండలేం. ఆపి ఫొటో తీస్తాం. తీరా ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే ఎర్ర రంగు డబ్బా ఒలకబోసినట్టు ఒకటే ముద్ద. కాయ తెలియదు, ముడత తెలియదు, తొడిమ తెలియదు. కళ్లారా చూసిన రంగు ఇది కాదే అనుకుని చాలామంది ఎడిటింగ్‌లో శాచురేషన్ (రంగు గాఢత) ఇంకాస్త పెంచుతారు. దాంతో ఉన్నది కూడా పోతుంది.

రంగు చిక్కదనం చాలావరకు షట్టర్ నొక్కేటప్పుడే తేలిపోతుంది. లోపలికి ఎంత వెలుగు పంపారన్నదాన్ని బట్టి ఎరుపు ఎరుపుగా నిలబడుతుందో, నారింజగా పలచబడుతుందో, నల్లబడుతుందో ఖాయమవుతుంది. అందుకే రంగు కోసం ముందు నేర్చుకోవాల్సింది ఎక్స్‌పోజర్. ఎరుపు అన్నిటికంటే మొండిది కాబట్టి మిర్చితోనే మొదలుపెడదాం. మిర్చి చేతికొస్తే పట్టుచీర, కుంకుమ, విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయం తేలికవుతాయి.

బయల్దేరే ముందు కెమెరాలో మార్చాల్సినవి

ఫైల్ రకాన్ని రా లేదా రా ప్లస్ జేపెగ్‌కి మార్చండి. రా అంటే సెన్సర్ పట్టినదాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే ఫైల్. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. ఎర్ర కాయ వెలుగు పక్కకీ నీడ పక్కకీ మధ్య ఉండే సన్నటి తేడాలు నిలవాలంటే ఆ మెట్లు కావాలి.

పిక్చర్ స్టైల్ ‘వివిడ్’లో ఉంటే ‘న్యూట్రల్’కి తెచ్చుకోండి. రా తీసేవాళ్లకు ఇది అవసరం లేదని కొందరంటారు, నేను ఒప్పుకోను. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్‌ను, అంటే ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్‌ను, రా ఫైల్ నుంచి గీయరు. లోపల తయారయ్యే చిన్న జేపెగ్ నుంచి గీస్తారు. స్టైల్ వివిడ్‌లో ఉంటే ఎరుపు ఇంకా మాడకముందే మాడినట్టు చూపిస్తుంది. మీరు భయపడి అవసరానికి మించి చీకటి చేసేస్తారు.

వైట్ బ్యాలెన్స్‌ను (వెలుగు ఛాయను బట్టి రంగుల్ని సరిచేసే సెట్టింగు) ‘డేలైట్’ మీద పెట్టి వదిలేయండి. ఆటోలో ఉంచితే ఫ్రేమంతా ఎరుపే కనపడగానే కెమెరా అదేదో తప్పు వెలుగనుకుని నీలం కలిపే ప్రమాదం ఉంది. ఒక ఫొటో ఒక రంగులో, పక్క ఫొటో ఇంకో రంగులో వస్తాయి.

చివరిగా, ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేయండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరుగా చూపించేది. చాలా కెమెరాల్లో మామూలుగా కనపడేది వెలుగును మాత్రమే చూపే తెల్ల హిస్టోగ్రామ్. మిర్చి ఫొటోకు అది దారి తప్పిస్తుంది. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ఏ వేళకు వెళ్లాలి

మంచు పడుతుందని రైతులు రాత్రిపూట కాయల మీద పట్టాలు కప్పుతారు. పొద్దున ఎండ కాస్త ఎక్కాక తీస్తారు. ఆ పట్టాలు తీసే వేళే మీది. ఫిబ్రవరిలో ఆరున్నర దాటాక, ఏప్రిల్‌లో ఆరింటికే సూర్యుడు వస్తాడు. ఎండ ఏటవాలుగా పడుతున్నంతసేపూ ప్రతి ముడతకూ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉంటాయి. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటాక నీడలు కురచబడి ముడతలు చదునైపోతాయి.

ఎండుమిర్చి తోలు నునుపుగా ఉంటుంది. నడినెత్తి ఎండలో ప్రతి కాయ మీదా తెల్లటి మెరుపు కనపడుతుంది. ఆ మెరుపు కాయ రంగు కాదు, ఎండా ఆకాశమూ దాని మీద ప్రతిఫలించడం. ఆ తెలుపు ఎరుపులో కలిసిన చోటల్లా రంగు పాలిపోతుంది. వివర్ణమైన ఆ మచ్చల్లో లేని రంగును తర్వాత ఏ స్లైడరూ పుట్టించలేదు. తొమ్మిది తర్వాత తీయక తప్పకపోతే పోలరైజర్ ఫిల్టర్ బిగించండి. కాయల మీదికి ఏటవాలుగా చూస్తూ రింగు నెమ్మదిగా తిప్పితే ఒకచోట మెరుపు పోయి రంగు చిక్కబడటం కంటికే తెలుస్తుంది. నిటారుగా పై నుంచి చూస్తూ తిప్పితే పెద్దగా ఫలితం ఉండదు. ఫిల్టర్ ఒకటి, రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమైనట్టు). షట్టర్ స్పీడ్ పడిపోతోందేమో చూసుకోండి.

మబ్బు పట్టిన రోజును వదులుకోకండి. మెరుపులు లేని మెత్తటి వెలుగులో రంగు నిండుగా వస్తుంది. ఆకారం మాత్రం తగ్గుతుంది. కుప్పల దగ్గర మబ్బు బాగుండదు, గుప్పెట్లో కాయలు పట్టుకున్న చేతుల దగ్గర చాలా బాగుంటుంది.

మొదటి ఫొటో: ఎరుపును కొలవడం

అపెర్చర్ ప్రయారిటీ మోడ్ (లెన్స్ రంధ్రం సైజు మీరు పెడితే షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది), ఎఫ్/8, ఐఎస్ఓ 100. వంగి, ఫ్రేమంతా కాయలతోనే నింపి ఒక ఫొటో తీయండి. ఇది దాచుకోవడానికి కాదు, కొలత కోసం. ఇప్పుడు ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ చూడండి. ఆకుపచ్చ, నీలం గుట్టలు ఎడమవైపు ఒదిగి ఉంటాయి. ఎరుపు గుట్ట మాత్రం కుడి గోడకు అతుక్కుపోయి ఉంటుంది. తెల్ల హిస్టోగ్రామ్ చూస్తే అంతా సరిగ్గా ఉందనే చెప్తుంది.

ఈ తేడా వెనక కన్ను ఉంది. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, ఎరుపు తక్కువగా, నీలం ఇంకా తక్కువగా కనపడతాయి. దాన్ని బట్టే వీడియో, ఫొటో ప్రమాణాల్లో వెలుగును లెక్కకట్టేటప్పుడు ఆకుపచ్చకు సుమారు 72 శాతం, ఎరుపుకు 21 శాతం, నీలానికి 7 శాతం బరువు ఇస్తారు. కాబట్టి ఎరుపు పూర్తిగా నిండిపోయినా ఆ లెక్కలో ‘ఇంకా చీకటిగానే ఉంది’ అని వస్తుంది. కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ దాన్ని మధ్యస్థ వెలుగుకు తేవడానికి ఎక్స్‌పోజర్ పెంచుతుంది. అక్కడే మాడిపోతుంది.

మాడటమంటే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మళ్లీ మర్చిపోరు. జేపెగ్‌లో ఎరుపు విలువ 255 దగ్గర ఆగిపోతుంది, అంతకు మించి లేదు. కాయ మీద వెలుగు పడే భాగం, దాని పక్కనున్న ముడత రెండూ 255కి చేరితే వాటి మధ్య తేడా పోయినట్టే. ముడత మాయమైనట్టే. ఎరుపు అలా ఆగిపోయాక కూడా ఆకుపచ్చ, నీలం పెరుగుతూనే ఉంటాయి. దాంతో నిఖార్సైన ఎరుపు కాస్తా నారింజకు తిరుగుతుంది, ఇంకా పెరిగితే పాలిపోతుంది. వెలుగు ఎక్కువైతే రంగు తగ్గడమనేది ఇదే.

ఇప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా లెక్క కంటే ఎన్ని స్టాపులు పెంచాలో, తగ్గించాలో చెప్పే సెట్టింగు) మైనస్ 0.7కి తెచ్చి మళ్లీ తీయండి. తర్వాత మైనస్ 1, తర్వాత మైనస్ 1.3. ఎరుపు గుట్ట కుడి గోడను వదిలి కొంచెం ఇవతల ఆగిన చోట ఆగండి. ఉదయపు ఎండలో మైనస్ 0.7, మైనస్ 1 మధ్య ఎక్కడో కుదురుతుంది. రా ఫైల్‌లో ఇంకాస్త మిగిలి ఉంటుంది, హైలైట్స్ లాగితే కొంత వస్తుంది. దాన్ని ఆపద్ధర్మంగా ఉంచుకోండి, దాని మీద లెక్క వేసుకోకండి.

ఇది డిజిటల్ వచ్చాక కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. స్లైడ్ ఫిల్మ్ (ప్రొజెక్టర్‌లో పెట్టి నేరుగా చూసే ఫిల్మ్) రోజుల్లో రంగు చిక్కగా రావాలంటే మూడో వంతు స్టాప్ తగ్గించి తీయడం చాలామందికి అలవాటు. కోడక్రోమ్ అనే స్లైడ్ ఫిల్మ్ 1935లో వచ్చి 2009లో ఆగిపోయింది. భారతదేశపు రంగుల ఫొటోగ్రఫీకి పేరు తెచ్చిన రఘుబీర్ సింగ్ (1942–1999) ఎక్కువగా తీసింది దాని మీదే. వెలుగు ఎక్కువైతే క్షమించని ఫిల్మ్ అది. మీ డిజిటల్ సెన్సర్ కూడా ఆ విషయంలో స్లైడ్ ఫిల్మ్ లాంటిదే, చీకట్లోంచి కొంత లాగనిస్తుంది, మాడినదాన్ని తిరిగివ్వదు.

ఎంతవరకు తగ్గించాలి

ఇక్కడ నియమం అయిపోయి మీ అభిరుచి మొదలవుతుంది. ఒకటే కల్లం, ఒకటే వెలుగు. మైనస్ 0.7 దగ్గర పొద్దుటి ఉత్సాహం ఉంటుంది. మైనస్ 1.3 దగ్గర ఎరుపు బరువెక్కుతుంది, కుప్ప మధ్యలోని నీడలు నల్లబడతాయి, చూసేవాళ్లకు ఘాటు తగిలినట్టే ఉంటుంది. మైనస్ 2 దాటితే ఎరుపు గోధుమరంగులోకి జారి మట్టిలా అయిపోతుంది. దాన్ని ఎడిటింగ్‌లో పైకి లాగితే నీడల్లో నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) తేలుతుంది. మామూలు సెన్సర్‌లో సగం గళ్లు ఆకుపచ్చను, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలాన్ని చూస్తాయి. చిక్కటి ఎరుపులో వివరమంతా దాదాపుగా ఆ పావు వంతు గళ్ల మీదే ఆధారపడుతుంది కాబట్టి, వాటినీ వెలుగు లేకుండా ఎండగట్టొద్దు.

కాయ రకాన్ని బట్టి కూడా మారుతుంది. తేజ సన్నగా, మెరుస్తూ, ప్రకాశవంతమైన ఎరుపులో ఉంటుంది. దానికి ఎక్కువ తగ్గించాలి. బ్యాడిగి అప్పటికే ముదురు రంగు, ఒళ్లంతా ముడతలు. మైనస్ 0.3 దగ్గరే నిండుగా వస్తుంది, ఇంకా తగ్గిస్తే నల్లబడుతుంది. కుప్పల మధ్య ఏరి పక్కన పోసిన తాలు కాయల్ని వదిలేయకండి. పాలిపోయిన ఆ తెల్లటి, పసుపుపచ్చటి కాయలు ఫ్రేమ్‌లో ఒక మూలన ఉంటే చాలు, పక్కనున్న ఎరుపు స్లైడర్ ముట్టుకోకుండానే రెట్టింపు ఎర్రగా కనిపిస్తుంది. కంటికి రంగు ఎప్పుడూ పక్క రంగుతో పోల్చుకునే తెలుస్తుంది. ఫ్రేమంతా ఎరుపే నింపిన ఫొటో కొన్ని క్షణాల్లోనే కంటికి చప్పబడిపోవడానికి కారణం ఇదే. ఒక నీలం పట్టా, ఒక గోనె టిక్కీ (మిర్చి బస్తా), తెల్ల తువ్వాలు, ఏదో ఒకటి ఎరుపు కానిది ఉండనివ్వండి.

మనిషి ఫ్రేమ్‌లోకి వస్తే లెక్క మళ్లీ మొదలు. ఎరుపు కోసం తగ్గిస్తే కాయలు ఏరుతున్న అమ్మ ముఖం చీకటైపోతుంది. ముఖం కోసం పెంచితే మిర్చి మాడుతుంది. దీనికి ఎడిటింగ్ కంటే మంచి దారి నిలబడే చోటు మార్చుకోవడం. సూర్యుణ్ని ఆమె వెనక ఉంచకుండా పక్కకు తెచ్చుకోండి. దగ్గర్లో తెల్ల పట్టానో, ఖాళీ సంచులో ఉంటే వాటి మీద నుంచి వచ్చే వెలుగు ముఖానికి సరిపోతుంది. ఎర్ర కుప్పకు మరీ దగ్గరగా వంగినప్పుడు గడ్డం కింద ఎర్రటి ఛాయ పడుతుంది. అది సహజం, దాన్ని తీసేయొద్దు. అన్నిటికంటే ముందు, అడిగి తీయండి. ‘అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?’ అంటే కాదనేవాళ్లు తక్కువ. వాళ్లది కూలి పని, గంటల లెక్క. ఆగి నిలబడమని, మళ్లీ పోయమని చెప్పకండి.

ఒక జాగ్రత్త. కల్లంలోనూ, మిర్చి మార్కెట్ యార్డులోనూ గాలిలో కారం ఉంటుంది. అక్కడ లెన్స్ మార్చొద్దు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, కళ్లు నులుముకోకండి. ఇంటికొచ్చాక కెమెరాను ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాతే బట్టతో తుడవండి.

ఫోన్‌తో తీసేవాళ్లకు

కాయల మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. కాయ మీది మెరుపు తగ్గి ముడత కనిపించేదాకా జరిపి ఆపండి. రంగుల్ని తనకు తానే పెంచే ఏఐ, వివిడ్ సెట్టింగులు ఉంటే ఆపేయండి. ప్రో మోడ్‌లో రా ఉంటే వాడండి. మీ ఫోన్ డిస్‌ప్లే కూడా ‘వివిడ్’లో ఉందేమో చూసి ‘న్యాచురల్’కి మార్చుకోండి. లేకపోతే ఫొటోలో లేని రంగును స్క్రీన్ చూపిస్తుంది, వేరే ఫోన్‌లో అదే ఫొటో వెలవెలబోతుంది.

ఇదే పాఠం ప్రకాశం బ్యారేజీ మీద

బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం వైపు పడమర. సాయంత్రం అటు తిరిగి నిలబడితే కృష్ణ మీద ఆకాశం నారింజ రంగులో ఉంటుంది. నారింజలో కూడా ముందు నిండిపోయేది ఎరుపే. అందుకే మాడిన సూర్యాస్తమయంలో నారింజ పోయి పసుపు, దాని మధ్యలో తెల్లటి గుండ్రటి మచ్చ మిగులుతాయి. సూర్యుణ్ని ఫ్రేమ్ బయటికి నెట్టి, దాని పక్కనున్న ఆకాశాన్ని కొలిచి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, మళ్లీ ఫ్రేమ్ సర్దుకోండి. అప్పటికీ ఎరుపు గోడను తాకుతుంటే ఇంకో అర స్టాప్ తగ్గించండి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీకి 70 గేట్లు. ఒడ్డున నిలబడి ఏటవాలుగా చూస్తే స్తంభాలు వరుసగా నల్లటి ఆకారాలై ఆ రంగును పట్టి నిలబెడతాయి. నల్లగా పోనివ్వండి, వాటిలో వివరాలు లాగాలని చూడకండి. ఇక్కడ కూడా వైట్ బ్యాలెన్స్ డేలైటే. ఆటో ఆ బంగారు రంగును ‘సరిచేసి’ చప్పగా మారుస్తుంది.

వరద రోజుల్లో నది మట్టి రంగులో ఉంటుంది. దాన్ని అలాగే ఉంచండి. నీళ్లు నీలంగా ఉండాలని రంగు పులిమిన ఫొటో చూస్తే ఆ ఊరివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

రంగు తగ్గించాల్సిన చోట్లు

ఉండవల్లి గుహలకు వెళ్తే ఇప్పటిదాకా చెప్పింది తిరగేయాలి. అది ఇసుకరాయి. దాని అందమంతా వెలసిన లేత గోధుమరంగులో, ఒక రాతి పొరకూ ఇంకో పొరకూ మధ్య ఉన్న చిన్న తేడాలో ఉంది. లోపల శయనించిన అనంతపద్మనాభుడి విగ్రహం మీదికి బయటి నుంచి వచ్చే వెలుగు ఒక వైపు నుంచే పడుతుంది. ఇక్కడ మాడిపోవడానికి రంగు లేదు, చీకట్లో మునిగిపోయే రాయి ఉంది. కాబట్టి ద్వారం బయటి వెలుగు తెల్లబడినా ఫరవాలేదనుకుని రాయికి కొలవండి. ఎడిటింగ్‌లో శాచురేషన్‌ను మైనస్ 10, మైనస్ 15 దాకా తగ్గించి చూడండి. పెంచితే రాయి నారింజ రంగు సిమెంటులా కనపడుతుంది. ట్రైపాడ్ వాడాలంటే అది పురావస్తు శాఖ కట్టడం కాబట్టి అనుమతి కావాలి, అక్కడి సిబ్బందిని ముందే అడగండి.

మంగళగిరి నేత చీరలు మూడో రకం. తెల్లటి నూలు, అంచున జరీ ఉన్న చీర తీసుకోండి. కెమెరా తెలుపును బూడిదరంగు చేయాలని చూస్తుంది, కాబట్టి ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా పెంచాలి. కానీ జరీ మెరిసే చోట మాడిపోతుంది. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట చీరను పరిచి తీస్తే రెండూ దక్కుతాయి.

ఎడిటింగ్‌లో వరస ముఖ్యం

ముందు ఎక్స్‌పోజర్, హైలైట్స్. తర్వాత వైట్ బ్యాలెన్స్. ఆ తర్వాత కాంట్రాస్ట్. చాలా సాఫ్ట్‌వేర్లలో కాంట్రాస్ట్ పెంచితే రంగు దానంతట అదే చిక్కబడుతుంది. అందుకే శాచురేషన్‌ను ముందే ముట్టుకుంటే రెండుసార్లు పెంచినట్టవుతుంది. ఇంకా కావాలనిపిస్తే వైబ్రెన్స్ వాడండి. అది అప్పటికే నిండుగా ఉన్న రంగుల్ని పెద్దగా కదిలించకుండా, వెలిసిన రంగుల్ని ఎక్కువగా లేపుతుంది, ముఖాల రంగును కూడా కాపాడటానికి చూస్తుంది.

ఎరుపు ఇంకా ఎర్రగా కావాలంటే హెచ్ఎస్ఎల్‌లో (ఒక్కో రంగును విడిగా మార్చే స్లైడర్లు) రెడ్ శాచురేషన్ పెంచకండి. రెడ్ ల్యూమినెన్స్‌ను మైనస్ 10 నుంచి మైనస్ 20 దాకా తగ్గించండి. వెలుగు దించితే రంగు లోతుగా అనిపిస్తుంది, ముడతలూ నిలుస్తాయి. మొత్తం శాచురేషన్ స్లైడర్‌ను ప్లస్ 10 దాటించాల్సి వచ్చిందంటే నా లెక్కలో ఆ ఫొటో తీసేటప్పుడే ఏదో తేడా జరిగింది. వెళ్లి మళ్లీ తీయడమే మేలు.

రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి, శాచురేషన్‌ను ఒక నిమిషం మైనస్ 100కి తెచ్చి చూడండి. నలుపు తెలుపులో కూడా ఆ ఫ్రేమ్ నిలబడితే రంగు దానికి బలం. నిలబడకపోతే రంగు ఒక్కటే దాన్ని మోస్తోందని అర్థం. రెండోది, ఒక్క కాయను 100 శాతం జూమ్ చేసి చూడండి. తొడిమ ఎండిన ఆకుపచ్చలో విడిగా కనపడాలి. తొడిమ మొదట్లో గుంట పడిన చోట ఎరుపు ముదురుగా, కాయ వంపు మీద లేతగా ఉండాలి. తోలు పలచగా ఉన్న చోట వెనక నుంచి ఎండ తగిలితే లోపలి గింజల నీడలు తెలుస్తాయి. ఇవి కనపడుతుంటే మీ ఎక్స్‌పోజర్ సరైనదే.

ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు

స్క్రీన్ మీద వెలిగే ఎరుపు కాగితం మీద అంత వెలగదు. కాగితానికి సొంత వెలుగు లేదు, సిరాకూ ఒక హద్దు ఉంది. ఎడిటింగ్ అప్పుడు స్క్రీన్ బ్రైట్‌నెస్‌ను సగానికి దించుకుని పనిచేస్తే ఆ తేడా కొంత ముందే తెలుస్తుంది. ల్యాబ్‌వాళ్లు వేరే ఏదీ అడగకపోతే ఫైల్‌ను ఎస్ఆర్‌జీబీలో (మామూలు స్క్రీన్లు వాడే రంగుల ప్రమాణం) ఇవ్వండి. పన్నెండు బై పద్దెనిమిది వేయించే ముందు అదే ఫైల్‌ను నాలుగు బై ఆరు సైజులో ఒకటి వేయించుకుని పగటి వెలుగులో కిటికీ దగ్గర పట్టుకుని చూడండి, షాపు ట్యూబ్‌లైటు కింద కాదు. గ్లాసీ కాగితం మీద ఎరుపు లోతుగా వస్తుంది, కానీ గోడ మీద పెడితే ఎదురు కిటికీ దానిలో కనపడుతుంది. మ్యాట్ మీద ఎరుపు ఒక మెట్టు తగ్గుతుంది, ముడతలు మాత్రం ఏ కోణంలోంచైనా కనపడతాయి. మిర్చి ఫొటోలకు నేను మ్యాట్‌నే ఎంచుకుంటాను. చిన్న ప్రింట్‌లో కాయలు ముద్దగా అనిపిస్తే రెడ్ ల్యూమినెన్స్ ఇంకో ఐదు తగ్గించి, కాంట్రాస్ట్ కొంచెం పెంచి ఇంకో చిన్న ప్రింట్ వేయించండి. పెద్దది ఆ తర్వాతే.